హోల్డ్ నాబ్ లేని ఎన్వలప్‌లో హోల్డ్ తెప్పించడం ఎలా? (మ్యాథ్స్ మాడ్యూల్‌తో కిక్ డ్రమ్ కడుతున్నాను)

తీగలమూట:
అందరికీ నమస్కారం. నా మాడ్యులర్ సింథ్ పెట్టెలో మేక్ నాయిస్ కంపెనీ మ్యాథ్స్ ఒకటి (ఎన్వలప్‌లు, అంటే శబ్దం ఎలా ఎక్కి దిగాలో చెప్పే వోల్టేజీ వంపులు, ఇచ్చే మాడ్యూల్), సైన్ ఇచ్చే ఆసిలేటర్ ఒకటి, రెండు వీసీఏలు (వోల్టేజీని బట్టి వాల్యూమ్ మార్చేవి), చిన్న సీక్వెన్సర్ ఉన్నాయి. వీటితో కిక్ కట్టుకుంటున్నాను. మ్యాథ్స్ ఒకటో ఛానెల్ పిచ్‌కి, నాలుగోది వీసీఏకి. రెండింటికీ ట్రిగ్గరే (క్షణంపాటు వచ్చే వోల్టేజీ పల్స్) ఇస్తున్నాను.

టప్పుమని కొడుతోంది గానీ దెబ్బలో బరువు లేదు. ఫాల్ (దిగే సమయం) పెంచితే తోక సాగుతోంది, పక్క నోటు మీద పడుతోంది. దెబ్బ మాత్రం అంతే పల్చగా ఉంది. సాఫ్ట్‌వేర్ సింథ్‌లలో అటాక్‌కీ (ఎక్కడం) డికేకీ (దిగడం) మధ్య హోల్డ్ అని ఒక నాబ్ ఉంటుంది కదా, దాన్ని కొంచెం తిప్పితే చాలు, ఇదే కిక్ నిండుగా వస్తోంది. మ్యాథ్స్‌లో అలాంటి నాబ్ లేదు. కొత్త మాడ్యూల్ కొనకుండా దారి ఉందా?

రాత్రిడ్రోన్:
దారి ఉంది, చెప్పేవాళ్లు వస్తారు. ముందు అసలు ఏం జరుగుతోందో చూద్దాం, అది తెలిస్తే నాబ్ ఎంత తిప్పాలో చెవికి ముందే తెలుస్తుంది.

ఎక్స్‌పొనెన్షియల్ డికే పైనుంచి దిగేటప్పుడు మొదట్లోనే అన్నిటికన్నా వేగంగా పడిపోతుంది. శిఖరాన్ని తాకిన క్షణమే జారడం మొదలు. కిక్ 50 హెర్ట్జ్ దగ్గర స్థిరపడుతుందనుకోండి. ఒక్క సైకిల్‌కి 20 మిల్లీసెకన్లు పడుతుంది. మీ డికే టైమ్ కాన్‌స్టెంట్ (ఎత్తు సుమారు 37 శాతానికి దిగే సమయం) 60 మిల్లీసెకన్లయితే మొదటి సైకిల్ పూర్తయ్యేసరికే దాదాపు 3 డెసిబెల్స్ పోతాయి, రెండోది పూర్తయ్యేసరికి 6కి దగ్గరగా పోతాయి. అంటే పూర్తి ఎత్తులో ఒక్క సైకిల్ కూడా వినిపించట్లేదు. పైగా ఆ మొదటి సైకిళ్ల కాలమంతా పిచ్ ఇంకా పైనుంచి కిందికి జారుతూనే ఉంటుంది. పిచ్ వచ్చి కింద కూర్చునే వేళకి వాల్యూమ్ లేదు.

చెవి సంగతి కూడా ఉంది. సుమారు 200 మిల్లీసెకన్ల లోపు శబ్దాల్లో వ్యవధి తగ్గేకొద్దీ మనకు వినిపించే బిగ్గరతనం తగ్గుతుంది. మీటర్‌లో పీక్ అదే ఉన్నా సరే. హోల్డ్ పీక్‌ని పెంచదు, పీక్ దగ్గర గడిపే సమయాన్ని పెంచుతుంది. అందుకే 40 మిల్లీసెకన్ల హోల్డ్ పెడితే రెండు పూర్తి సైకిళ్లు నిండు ఎత్తులో దొరుకుతాయి, ఆ తర్వాత డికే ఎంత పొట్టిగా ఉన్నా ఫర్వాలేదు.

బాస్‌బొంగరం:
ఇంత అవసరమా? వంపు ఆకారం మార్చే వ్యారీ-రెస్పాన్స్ నాబ్‌ని లాగరిథమిక్ వైపు తిప్పితే ఫాల్ పైన ఉబ్బుగా ఉండి చివర్లో పడుతుంది. అదే హోల్డ్ కదా. లేదా చివర్లో ఒక కంప్రెసర్ (బిగ్గర భాగాలను అణిచేది) పెట్టుకోండి.

రాత్రిడ్రోన్:
» అదే హోల్డ్ కదా

కాదన్నా. ఉబ్బు వంపులో పై భాగం నిండుగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ చివర గోడ మీంచి దూకినట్టు ఆగిపోతుంది. గేటెడ్ స్నేర్‌కో, నాయిస్ హ్యాట్‌కో ఆ తెగిపోవడం బాగుంటుంది. కిక్‌కి తోక సహజంగా సన్నబడాలి. హోల్డ్ తర్వాత ఎక్స్‌పొనెన్షియల్ పెడితే పైన నిండుదనమూ ఉంటుంది, కింద సన్నబడటమూ ఉంటుంది. ఒక్క వంపుతో ఈ రెండూ రావు.

కంప్రెసర్ వేరే కథ. అది మిక్స్‌లో పక్కవాటిని కూడా పట్టుకుంటుంది. దెబ్బ ఆకారాన్ని పుట్టినచోటే సరిచేయడం నాకు ఎప్పుడూ మేలనిపిస్తుంది.

సున్నావోల్ట్:
తీగలమూట గారూ, మీ దగ్గరున్న మ్యాథ్స్ ఒక్కటే చాలు. ఒక్క కేబుల్ మారిస్తే సరిపోతుంది.

మ్యాథ్స్‌లో ఒకటి, నాలుగు ఛానెళ్లకు రెండేసి దారులున్నాయి. ట్రిగ్గర్ ఇన్‌పుట్‌కి ఏది ఇచ్చినా అది పైకెక్కి వెంటనే దిగిపోతుంది, మధ్యలో నిలబడదు. సిగ్నల్ ఇన్‌పుట్‌కి గేట్ (కొంతసేపు పైనే నిలిచే వోల్టేజీ) ఇస్తే మాత్రం గేట్ ఎంతసేపు పైన ఉంటే అంతసేపు తానూ పైనే నిలబడుతుంది. మీకు కావలసిన చదునైన పైభాగం అక్కడే ఉంది. ఇక కావలసింది సరైన పొడవున్న గేట్. దాన్ని ఒకటో ఛానెల్ చేత చేయిద్దాం.

సీక్వెన్సర్ ట్రిగ్గర్‌ని ఒకటో ఛానెల్ ట్రిగ్గర్ ఇన్‌పుట్‌కి పెట్టండి. రైజ్ (ఎక్కే సమయం) పూర్తిగా సున్నాకి, వంపు లీనియర్ దగ్గర. ఇప్పుడు ఆ ఛానెల్ ఈఓఆర్ అవుట్ చూడండి, అంటే రైజ్ ముగిసిందని చెప్పే గేట్. రైజ్ సున్నా కాబట్టి ట్రిగ్గర్ పడగానే అది పైకి లేస్తుంది, ఫాల్ నడిచినంతసేపూ పైనే ఉంటుంది, ఫాల్ అయిపోగానే పడిపోతుంది. అంటే ఒకటో ఛానెల్ ఫాల్ నాబే మీ హోల్డ్ నాబ్.

ఈఓఆర్ నుంచి కేబుల్ తీసి నాలుగో ఛానెల్ సిగ్నల్ ఇన్‌పుట్‌కి ఇవ్వండి, ట్రిగ్గర్ ఇన్‌పుట్‌కి కాదు. నాలుగో ఛానెల్ రైజ్ మీ అటాక్, ఫాల్ మీ డికే. దాని అవుట్ వీసీఏకి. ఈఓఆర్ 10 వోల్ట్ల గేట్ కాబట్టి నాలుగో ఛానెల్ కూడా అంత ఎత్తుకే ఎక్కుతుంది. వీసీఏకి ఎక్కువైతే ఆ ఛానెల్ అటెన్యువర్టర్‌తో (వోల్టేజీని తగ్గించే, తిరగేసే నాబ్) తగ్గించుకోండి.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి, ఒకటో ఛానెల్ ఖాళీగా పోదు. అది హోల్డ్ గేట్ తయారు చేస్తూనే తన మామూలు ఎన్వలప్‌ని కూడా ఇస్తుంటుంది. దాన్ని యథాతథంగా పిచ్‌కి పంపండి. అప్పుడు పిచ్ జారడం ఎప్పుడు ముగుస్తుందో సరిగ్గా అప్పుడే హోల్డ్ ముగిసి డికే మొదలవుతుంది. కిక్‌కి ఇంతకన్నా సహజమైన ముడి ఉండదు.

తీగలమూట:
అక్కా, ఇప్పుడే పెట్టి విన్నాను. స్పీకర్ ముందు నిలబడితే ఛాతీలోకి కొడుతోంది! రైజ్ సున్నా పెడితే మొదట్లో చిటుక్కుమంటోంది, అది పోయేదెలా?

ఇంకో సందేహం. హోల్డ్ పెంచుకుంటూ పోతే వేగంగా వచ్చే నోట్లన్నీ కలిసిపోయి ఒకటే మూలుగులా అయిపోతున్నాయి.

సున్నావోల్ట్:
చిటుకు కోసం నాలుగో ఛానెల్ రైజ్‌ని వెంట్రుకవాసి తెరవండి. ఒకటి రెండు మిల్లీసెకన్లు చాలు. ఒకటో ఛానెల్ రైజ్‌ని మాత్రం ముట్టుకోకండి, అది పెరిగితే మొత్తం కిక్ ఆలస్యంగా మొదలవుతుంది. (కావాలనే స్నేర్‌ని కొంచెం వెనక్కి నెట్టి కొట్టించడానికి అది మంచి ఉపాయం, కానీ ఇక్కడ వద్దు.)

నోట్లు కలవడానికి కారణం ఇది. మ్యాథ్స్ ఫాల్‌లో ఉండగా కొత్త ట్రిగ్గర్ వస్తే మళ్లీ పైకెక్కుతుంది. రైజ్ సున్నా కాబట్టి ఈఓఆర్ కన్ను మూసి తెరిచేలోపు పడి లేస్తుంది, నాలుగో ఛానెల్‌కి దిగే తీరికే దొరకదు. 120 టెంపోలో పదహారో నోటు 125 మిల్లీసెకన్లు. మీ హోల్డ్, డికే కలిపి ఆ లోపు ఉంటేనే నోట్లు విడివిడిగా పలుకుతాయి. హోల్డ్ ఒక్కటే 125 దాటితే వాల్యూమ్‌లో కొత్త దెబ్బ తెలియనే తెలియదు.

లెక్క పెట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, గేట్ పొడవులో అటాక్ కూడా కలిసి ఉంటుంది. గేట్ 40 మిల్లీసెకన్లు, అటాక్ 10 అయితే పైన చదునుగా నిలబడేది 30 మాత్రమే. అటాక్ గేట్ కన్నా పొడవైతే ఎన్వలప్ శిఖరానికి చేరకుండానే వెనక్కి తిరుగుతుంది, శబ్దం చిన్నదైపోతుంది. ప్యాడ్‌లు కట్టేటప్పుడు "ఎన్వలప్ ఎందుకు బలహీనంగా ఉంది" అని వెతికేవాళ్లకు తరచూ కారణం ఇదే.

కేబుల్‌కోటయ్య:
నా దగ్గర హార్డ్‌వేర్ లేదు, కంప్యూటర్‌లో వీసీవీ ర్యాక్ వాడతాను. అందులో ఇది కుదురుతుందా?

సున్నావోల్ట్:
భేషుగ్గా. మ్యాథ్స్ లాంటి మాడ్యూల్ బెఫాకో ర్యాంపేజ్ అక్కడ ఉచితంగానే ఉంది. అందులోని 'ఏ' (A) ఛానెల్‌కి ట్రిగ్గర్ ఇచ్చి, రైజ్ కనిష్ఠానికి తెచ్చి, ఫాలింగ్ అనే గేట్ అవుట్‌ని 'బీ' (B) ఛానెల్ ఇన్‌పుట్‌కి కలపండి. పని అదే. రేంజ్ స్విచ్‌ని వేగం వైపు పెట్టుకోండి, లేకపోతే హోల్డ్ నాబ్ కొంచెం తిప్పితే సెకన్లలోకి పోతుంది. పక్కన ఒక స్కోప్ పెట్టి ఫాలింగ్ గేట్‌నీ బీ అవుట్‌నీ ఒకేసారి చూడండి, నేను పైన రాసిందంతా రెండు గీతల్లో కళ్లముందు కనిపిస్తుంది.

నేరుగా కావాలంటే బోగ్ఆడియో డీగేట్ ఉంది, ట్రిగ్గర్ ఇస్తే మీరు చెప్పినంత పొడవు గేట్ ఇస్తుంది.

పాతప్యానెల్:
ఈ చర్చ చూసి ఆనందమేసింది. హోల్డ్ అనేది సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన సౌకర్యమని చాలామంది అనుకుంటారు. 1969లో లండన్‌లో ఈఎంఎస్ వాళ్లు తెచ్చిన వీసీఎస్-3 సింథ్ తీసుకోండి. అందులో ఎన్వలప్‌కి నాలుగు నాబ్‌లు: అటాక్, ఆన్, డికే, ఆఫ్. ఆన్ అంటే పైన నిలబడే సమయం. ఆఫ్ అంటే కింద ఆగే సమయం, ఆ తర్వాత మళ్లీ తనే మొదలు. వాళ్లు దీన్ని ట్రెపిజాయిడ్ అన్నారు, స్కోప్‌లో చూస్తే ఆకారం అచ్చం అదే. 1973 నాటి బుక్లా మ్యూజిక్ ఈజిల్ సింథ్‌లో అటాక్, సస్టెయిన్, డికే ఉంటాయి, ఆ సస్టెయిన్ కూడా స్థాయి కాదు, సమయమే.

మనకు అలవాటైన నాలుగు దశల వరస (అటాక్, డికే, సస్టెయిన్ అనే నిలిచే స్థాయి, కీ వదిలాక దిగే రిలీజ్) మూగ్ సింథ్‌ల వైపు నుంచి వచ్చింది. 1965లో స్వరకర్త వ్లదిమిర్ ఉసాచెవ్‌స్కీ అడిగిన నమూనా అది. కీబోర్డు మీద వేలు ఉన్నంతసేపూ నిలబడాలి, తీయగానే దిగాలి. ఎంతసేపు అనేది వేలు నిర్ణయిస్తుంది కాబట్టి అక్కడ హోల్డ్ నాబ్‌తో పెద్దగా పని పడలేదు. సీక్వెన్సర్ ట్రిగ్గర్లతో వాయించేవాళ్లకి వేలు లేదు, అందుకే మనం ఇలా వెతుక్కుంటున్నాం.

ఒక జాగ్రత్త. కోర్గ్ ఎంఎస్-20లో కూడా రెండో ఎన్వలప్ మీద హోల్డ్ ఉంది (1978 యంత్రం). అది చేసే పని వేరు. అటాక్ తర్వాత శిఖరం దగ్గర ఆపదు, కీ వదిలేశాక కూడా గేట్‌ని పొడిగిస్తుంది. ఆ వేళకి ఎన్వలప్ డికే అయిపోయి సస్టెయిన్ స్థాయిలో ఉంటే అక్కడే నిలబెడుతుంది. సస్టెయిన్ పూర్తిగా పైన పెట్టినప్పుడు రెండు పద్ధతులూ ఒకేలా వినిపిస్తాయి. సస్టెయిన్ సగానికి దించగానే తేడా బయటపడుతుంది. మాడ్యూల్ కొనేముందు దాని మాన్యువల్‌లో గ్రాఫ్ చూసుకోండి, చదును ఎక్కడ గీశారో.

బాస్‌బొంగరం:
ఈ వీసీఎస్-3 నాబ్‌ల సంగతి నాకు తెలీదు. ధన్యవాదాలు గురువుగారూ.

వంపుగీత:
ఇంకో దారి చెబుతాను. గేట్ అవసరం లేదు, ఒక మినిమమ్ సెలెక్టర్ ఉంటే చాలు. డెప్ఫర్ ఏ-172, లేదా ర్యాంపేజ్‌లో ఉన్న మిన్ అవుట్.

మామూలు అటాక్-డికే ఎన్వలప్ ఒక వైపు, కదలని 5 వోల్ట్లు రెండో వైపు. రెండింట్లో ఏది తక్కువైతే అది బయటికి వస్తుంది. ఎన్వలప్ 10 వోల్ట్ల దాకా ఎక్కేదైతే 5 దాటిన భాగమంతా చదునైపోతుంది. కొండ తల నరికినట్టు.

దీని అందం లెక్కలో ఉంది. ఎక్స్‌పొనెన్షియల్ వంపుని ఎక్కడ కోసినా మిగిలిన ముక్క అదే ఆకారంలో ఉంటుంది. కాబట్టి డికే రూపం చెడదు. ఎత్తు సగానికి కోస్తే, దిగేటప్పుడు చదునుగా నిలిచే సమయం టైమ్ కాన్‌స్టెంట్‌లో 0.69 వంతు. టైమ్ కాన్‌స్టెంట్ 100 మిల్లీసెకన్లయితే 69 మిల్లీసెకన్ల హోల్డ్. ఆ తర్వాత గెయిన్‌తో రెట్టింపు చేసుకుంటే పాత ఎత్తు తిరిగి వస్తుంది. అటాక్ కూడా మారుతుంది, పైన మెల్లగా వంగే భాగం తెగిపోతుంది కాబట్టి పదునెక్కుతుంది.

హోల్డ్ విడిగా ఉండదు, డికేతో పాటే పెరిగి తగ్గుతుంది. కొందరికి ఇది లోపం. నాకు మాత్రం తంత్రీ వాద్యాల లాంటి శబ్దాలకు ఇదే సరిపోతుంది. డికేని సీవీతో (నియంత్రించే వోల్టేజీ) కదిపినప్పుడు పైనా కిందా కలిసి సాగుతాయి, నిష్పత్తి చెదరదు. 5 వోల్ట్ల స్థానంలో సీక్వెన్సర్ నుంచి సీవీ పెడితే ఒక్కో నోటుకి ఒక్కో చదును.

తీగలమూట:
వంపుగీత గారూ, ఇది అద్భుతం. మ్యాథ్స్‌లో ఓఆర్ అవుట్ ఉంది కదా, దాంతో అవుతుందా?

వంపుగీత:
కాదండీ. ఓఆర్ పెద్దదాన్ని ఎంచుకుంటుంది, మనకి కావలసింది చిన్నది. ఓఆర్‌తో తల తెగదు, అడుగున నేల లేస్తుంది.

సున్నావోల్ట్:
తలకిందులు చేసి రావచ్చు గానీ మూడు నాలుగు కేబుళ్లు పడతాయి, అంత శ్రమ కన్నా ఈఓఆర్ దారే మేలు.

రాత్రిడ్రోన్:
లో-పాస్ గేట్ (వాల్యూమ్‌నీ శబ్దపు వెలుగునీ కలిపి తగ్గించే మాడ్యూల్) వాడేవాళ్లకి ఒక మాట. బుక్లా 292 తరహా వ్యాక్ట్రల్ (చిన్న దీపం, దాని వెలుగుకి స్పందించే రెసిస్టర్ కలిసిన భాగం) ఉన్న గేట్‌లు నెమ్మదిగా తెరుచుకుంటాయి. సన్నటి ట్రిగ్గర్ ఇస్తే వ్యాక్ట్రల్ సగం కూడా తెరుచుకోకముందే వోల్టేజీ పోతుంది, శబ్దం మూటలో చుట్టినట్టు వస్తుంది. పైన చెప్పిన ఈఓఆర్ గేట్‌నే నేరుగా దానికి ఇచ్చి ఫాల్‌ని 10 నుంచి 30 మిల్లీసెకన్ల మధ్య ఆడించండి. వాల్యూమ్ కన్నా ముందు రంగు మారుతుంది. పొట్టి హోల్డ్‌లో చెక్క మీద తట్టినట్టు, పొడుగు హోల్డ్‌లో గంట కొట్టినట్టు. తోక వ్యాక్ట్రల్‌దే, దాన్ని మనం ముట్టుకోనక్కర్లేదు.

నల్లమబ్బు:
మ్యుటబుల్ స్టేజెస్ (ఆరు సెగ్మెంట్లతో ఎన్వలప్ కట్టుకునే మాడ్యూల్) ఉన్నవాళ్లు ఎవరైనా చెప్తారా? హోల్డ్ సెగ్మెంట్ అని ఉంది గానీ, ర్యాంప్‌ల మధ్య పెడితే ఏ నాబ్ ఏం చేస్తోందో అర్థం కావట్లేదు.

పాతప్యానెల్:
స్టేజెస్‌లో ర్యాంప్‌కి (ఎక్కే లేదా దిగే వాలు) తనదంటూ ఎత్తు ఉండదు. స్లైడర్ సమయం, నాబ్ వంపు. ఎక్కడికి ఎక్కాలో పక్క సెగ్మెంట్ చెబుతుంది. ఎరుపు వెలిగే హోల్డ్‌కి మాత్రం స్లైడర్ అంటే ఎత్తు, నాబ్ అంటే నిలబడే సమయం. ఈ తిరగేసిన అమరిక వల్లే తికమక.

ర్యాంప్, హోల్డ్, ర్యాంప్ అని మూడు పెట్టి మొదటిదానికి గేట్ ఇవ్వండి. హోల్డ్ స్లైడర్ పైకి నెట్టండి. అంతే, అటాక్-హోల్డ్-డికే తయారు. సస్టెయిన్ కూడా కావాలంటే ఆ తర్వాత ఇంకో సెగ్మెంట్‌ని లూప్ చేసి, చివర్లో మరో ర్యాంప్. ఆరింటిలో ఐదు అయిపోతాయి.

హోల్డ్ స్లైడర్‌ని సగంలో ఆపి ముందు రెండు ర్యాంప్‌ల వంపులు మార్చి చూడండి. అక్కడే ఆ మాడ్యూల్ విలువ తెలుస్తుంది.

నల్లమబ్బు:
ఇప్పుడు అర్థమైంది. ఎత్తు కోసం ర్యాంప్ స్లైడర్‌నే లాగుతూ కూర్చున్నాను.

రాత్రిడ్రోన్:
ఇంతవరకూ ఎవరూ తేని విషయం ఒకటుంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. యాక్సెంట్‌ని (కొన్ని దెబ్బలను నొక్కి పలికించడం) వాల్యూమ్‌తో కాకుండా హోల్డ్‌తో ఇవ్వండి.

మ్యాథ్స్ ఒకటో ఛానెల్ ఫాల్ సీవీ ఇన్‌పుట్‌కి సీక్వెన్సర్ యాక్సెంట్ లైన్‌ని పంపండి, అటెన్యువేటర్‌తో బాగా తగ్గించి. ఆ ఇన్‌పుట్‌లో ప్లస్ వోల్టేజీ సమయాన్ని పెంచుతుంది. (బోత్ ఇన్‌పుట్ ఉల్టా, అక్కడ ప్లస్ ఇస్తే సమయం తగ్గుతుంది, పొరపాటున అందులో పెట్టకండి.) మామూలు స్టెప్పుల్లో 15 మిల్లీసెకన్ల హోల్డ్, యాక్సెంట్‌లో 45. మీటర్‌లో పీక్ కదలదు. మిక్స్‌లో హెడ్‌రూమ్ పోదు. కానీ ఆ దెబ్బ ముందుకు వస్తుంది.

ఫిల్టర్‌కి విడి ఎన్వలప్ ఉంటే దాని హోల్డ్‌ని వీసీఏ హోల్డ్ కన్నా పొట్టిగా పెట్టండి. వెలుగు ముందు తగ్గుతుంది, శబ్దం మాత్రం ఇంకాస్సేపు అదే బరువుతో నిలబడి ఉంటుంది. బేస్ లైన్లలో ఈ చిన్న తేడా వల్ల నోటుకి ఒళ్లు వస్తుంది. రెండూ ఒకేసారి దిగితే ఆ నోటు ప్లాస్టిక్‌లా ఉంటుంది నా చెవికి.

బాస్‌బొంగరం:
యాక్సెంట్ ప్యాచ్ వేశాను. కంప్రెసర్ తీసి పక్కన పెట్టాను. ఇంతకన్నా చెప్పేదేం లేదు, పేరు పేరునా దండాలు.

కేబుల్‌కోటయ్య:
పాతప్యానెల్ గారూ, మీరు చెప్పిన ఆ ట్రెపిజాయిడ్, తనంతట తానే తిరిగేది, అది ఈ ప్యాచ్‌తో వస్తుందా? డ్రోన్ మీద ఫిల్టర్‌ని మెల్లగా తెరిచి, కాసేపు ఆపి, మూసి, కాసేపు ఆపి... అలా నడిపించాలని ఉంది.

పాతప్యానెల్:
వస్తుంది బాబూ, ట్రిగ్గర్ కేబుల్ పీకేసి ఒకటో ఛానెల్ సైకిల్ బటన్ నొక్కండి. మిగతాదంతా అలాగే ఉంచండి.

ఒకటో ఛానెల్ రైజ్ నడుస్తున్నంతసేపు ఈఓఆర్ కింద ఉంటుంది, అది మీ ఆఫ్. ఫాల్ నడుస్తున్నంతసేపు పైన ఉంటుంది, అది మీ ఆన్. నాలుగో ఛానెల్ రైజ్ అటాక్, ఫాల్ డికే. నాలుగు నాబ్‌లు, నాలుగు పనులు.

ర్యాంపేజ్‌లో అయితే 'ఏ' (A) ఛానెల్ సైకిల్ వేసి అదే ఫాలింగ్ గేట్‌ని 'బీ'కి (B) ఉంచండి, రేంజ్ స్విచ్ ఈసారి నెమ్మది వైపు. ఆఫ్ సమయం డికే కన్నా పొడవుగా ఉండాలి, లేకపోతే ఫిల్టర్ పూర్తిగా మూసుకోకముందే మళ్లీ తెరుచుకుంటుంది. ఆన్‌ని కూడా అటాక్ కన్నా ఎక్కువ పెట్టండి. డ్రోన్ కాబట్టి ముందు అటాక్ 4 సెకన్లు, ఆన్ 6, డికే 5, ఆఫ్ 8 దగ్గర మొదలుపెట్టి చెవికి నచ్చినట్టు జరపండి. ఆన్ 6 అంటే అందులో 4 ఎక్కడానికే పోతుంది, పైన నిలిచేది 2 సెకన్లే, అది తక్కువనిపిస్తే 'ఏ' (A) ఛానెల్ ఫాల్ పెంచండి.